గ్రీసు లంక

షార్జా, రోలా బజారు వెనక వీధి. 2007లో ఒక శుక్రవారం మధ్యాహ్నం. పద్మజ ఒక క్లినిక్‌లో నర్సు, ఆంధ్రాలో ఒక వారపత్రికకి డిటెక్టివ్ సీరియల్ రాస్తోంది. అరబ్బుల ఇంట్లో వంటపని చేసే మాణిక్యం ప్రతి శుక్రవారం వచ్చినట్టే ఆమె ఇంటికి భోజనానికి వచ్చింది. కానీ ఈసారి కంచం ముందు కూర్చోలేదు.

"కూర్చోను. కూర్చోడానికి రాలేదు. ముందు నువ్వు చెప్పు, మరియమ్మ ఎవరే?"

"ఏ మరియమ్మక్కా?"

"ఏ మరియమ్మా? నీ కతలో మరియమ్మ! గ్రీసు లంకలో, తెల్ల మేడలో, అరబ్బులకి వండి పెట్టే మరియమ్మ!"

"అరబ్బులని ఎక్కడ రాశాను? బొంబాయి సేటు కుటుంబం అని రాశాను."

"సేటంట! ఎండాకాలం సెలవలకి ఇంటిల్లిపాదినీ, ఇద్దరు పనోళ్ళనీ ఏసుకుని గ్రీసు ఎల్లిన సేటు! ఎక్కడ చూసేవే అలాంటి సేటుని?"

"కథక్కా అది. మరియమ్మ నువ్వు కాదు."

"నేను కాదా? మరియమ్మకి మోచేతి మీద నూనె కాలిన మచ్చ ఉందంట. ఇదిగో, ఇదెవరిది? చూడు. ఇటు చూడవే!"

"మచ్చ ఒక్కటీ... అదొక్కటే నీది తీసుకున్నాను."

"తీసుకున్నావా! చింతపండు చేబదులు తీసుకున్నట్టు!"

"చేపల పులుసు చల్లారిపోతోంది. తిని తిట్టక్కా."

"నీ పులుసు నాకొద్దు."

"అసలు నీకు ఎవరు చదివిపెట్టారు?"

"వాసు. మా డ్రైవరు. కింద కార్లోనే ఉన్నాడు. వారం వారం పుస్తకం కొనుక్కొచ్చి, స్టీరింగు మీద ఎట్టుకుని చదూతాడు."

"అవునా? ఏమన్నాడు? బాగుందన్నాడా?"

"బాగుందా అంట! సిగ్గులేదే నీకు? ఈ వారం ఏం రాసేవు? ఆ డిటెక్టివు, ఆడి పేరేంటి..."

"వేణుగోపాలరావు."

"ఆ కాకినాడ వేణుగోపాలరావుకి గ్రీసు లంకలో ఏం పనే?"

"రిటైరయ్యాక దేశాలు చూద్దామని..."

"చూడొచ్చినోడు చూసి పోవాలి గదా? ఎండలో టోపీ ఎట్టుకుని, అందర్నీ అరుగు మీద కూడేసి, ఏమంటాడు? 'ఆ పనిపిల్లని అల లాక్కుపోవడం చూశానని చెప్పింది మరియమ్మ ఒక్కతే. మరియమ్మ అబద్ధమాడుతోంది' అంటాడా? నన్ను దొంగసాక్షిని చేసేవు!"

"మిస్టరీ అంటే ఎవరో ఒకరి మీద అనుమానం రావాలక్కా. లేకపోతే ఎవరు చదువుతారు?"

"నామీదే రావాలా? సేటు మీద రాకూడదా? సేటు కొడుకు మీద రాకూడదా?"

"కొడుకు మీద కూడా రాశాను కదా. గడియ సంగతి రాశాను కదా."

"అదీ! దానికోసవే వచ్చేను. గడియ సంగతి నిన్నెవరు రాయమన్నారే? ఆ ఇంటి పెద్దకొడుకు మా సోనీ గది తలుపుకి గడియ పీకేశాడని నేనెవరికి చెప్పేను? దేవుడికి చెప్పేను, నీకు చెప్పేను. దేవుడు ఎక్కడా రాయలేదే!"

"రాస్తే తప్పేంటి? ఎవరో ఒకరు రాయొద్దా? సోనీ మన కోనసీమ పిల్ల, ఇంకా ఇరవై కూడా నిండలేదు, వాళ్ళ పిల్లల్ని ఎత్తుకు మొయ్యడానికి మొన్న ఎండాకాలం నీతోపాటు అంత దూరం గ్రీసు వెళ్ళి సముద్రంలో కలిసిపోయింది. పోలీసులు వచ్చి, నువ్వు చెప్పింది రాసుకుని వెళ్ళిపోయారు. ఆ ఇంట్లోవాళ్ళు సెలవలు పూర్తిచేసుకుని మరీ తిరిగొచ్చారు. పిల్ల రాతిగట్టు మీదకి ఎందుకెళ్ళిందని ఒక్కళ్ళూ అడగలేదు. నువ్వూ అడగలేదు. పోనీ, వేణుగోపాలరావన్నా అడుగుతాడని రాశాను!"

"అరవకు."

"అరుస్తాను. పొద్దంతా క్లినిక్‌లో ఇంజెక్షన్లు చేసి, ఇంటికొచ్చి, వంటింటి గట్టు దగ్గర నిలబడి రాశానది. గ్రీసు ఎలా ఉంటుందో నాకు తెలీదు. కింద ట్రావెల్స్ వాడి గోడ మీద బొమ్మ చూసి, నీలం తలుపులు, సున్నం కొట్టిన మేడలు, కళ్ళు మూసుకుపోయేంత ఎండ, అన్నీ ఊహించుకుని రాశాను. సోనీ కోసమే రాశాను."

"సోనీ కోసవా? సోనీ అడిగిందా నిన్ను?"

"చచ్చిపోయిన మనిషి ఎలా అడుగుతుందక్కా? ఏంటలా చూస్తావు?"

"ఏం లేదు. కారు హారనేమో అనుకున్నాను."

"కాదు, వీధిలో ఎవరిదో. సరే, వాసు చదివాడు, మచ్చ చూసి నువ్వే అనుకున్నాడు. దానికింత రభసా?"

"ఆడు చదివి ఊరుకుంటే నేనెందుకొస్తాను? మేడమ్‌కి చెప్తన్నాడే. కార్లో తీసుకెల్తా, తీసుకొస్తా, అరబ్బీలో కతంతా ఒప్పజెప్తన్నాడు. ఆవిడ సిగ్నల్ కాడ ఆగినప్పుడల్లా 'యల్లా, తర్వాత?' అంటదంట."

"అరబ్బీలోనా? నా కథా?"

"మురిసిపోకు! మొన్న గడియ కాడికొచ్చేటప్పటికి 'ఖలాస్, ఇంక చాలు' అందంట. నిన్న వంటింట్లోకొచ్చింది. ఎప్పుడూ రాదు, వచ్చి నా పక్కనే నిలబడింది. 'మాణిక్యం, ఆ కతలో పిల్ల ఏమైంది? నీకు తెలుసా?' అంది."

"ఏం చెప్పావ్?"

"ఉల్లిపాయలు తరుగుతున్నాను."

"అదేం జవాబు?"

"అదే జవాబు. ఇప్పుడు నువ్వు చెప్పు. ఆఖర్న ఏమవుద్ది?"

"వచ్చే వారం ఆఖరి భాగం. రేపు ఫ్యాక్స్ చెయ్యాలి. అచ్చయ్యాక చూద్దువులే."

"ఇప్పుడు చెప్పు. నేను హంతకురాలినా?"

"అబ్బ, కాదక్కా!"

"మరి ఎవరు?"

"ఎవరూ కాదు. నిన్ను సంతోషపెడదామని దాచాను, చెప్పనివ్వవు కదా. అసలు హత్యే జరగలేదు. ఆ పిల్ల చావలేదు."

"ఏంటీ?"

"చెప్పులు రాతిగట్టు మీద వదిలేసి, తెల్లారకుండా పంటు ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయింది. మరియమ్మే ఎక్కించింది. అందుకే అల లాక్కుపోయిందని అబద్ధం చెప్పింది. వేణుగోపాలరావు అదంతా కనిపెట్టి, సేటుని నలుగురిలో నిలబెట్టి..."

"చింపెయ్."

"ఏంటి?"

"ఆ కాయితాలు ఎక్కడున్నాయి? బల్ల మీదవేనా? ఇలాగియ్యి."

"అక్కా! ముట్టుకోకు! ఒకటే ప్రతి అది!"

"నీకెవరు చెప్పేరే ఇదంతా? ఎవరు చెప్పేరు?"

"నా జబ్బ వదులు. ఎవరూ చెప్పలేదు. నిన్ను చూసే తట్టింది."

"నన్ను చూసా?"

"ఊళ్ళో మీ గేదె చచ్చిపోయిందని ఫోనొస్తే ఇక్కడే, ఈ గుమ్మంలో కూలబడి ఏడ్చావు. సోనీ సంగతి ఎన్నిసార్లు చెప్పావో, ఒక్కసారి కూడా నీ కంట నీళ్ళు చూడలేదు. నీ మనసు రాయైపోయిందేమో అనుకున్నాను. తర్వాత, పోనీ కథలోనన్నా ఆ పిల్ల బతికుంటే బాగుణ్ణనిపించింది. అంతే."

"మార్చెయ్యి."

"ఏం మార్చాలి?"

"చంపెయ్ దాన్ని. మరియమ్మ చేత చంపించు. కొండ మీంచి తోసేసిందని రాయి."

"ఎందుకు తోస్తుంది?"

"నగల కోసవని రాయి. కుళ్ళుబోతుదని రాయి. నీకేం, ఉన్నవీ లేనివీ రాయడం వచ్చు గదా!"

"ఇందాక దొంగసాక్షిని చేశానని మీదకొచ్చావు. ఇప్పుడు హంతకురాలిని చెయ్యమంటావా?"

"చెయ్యి. శవం కూడా దొరికిందని రాయి. సమాధి కట్టేరని రాయి."

"రాయను. మీ మేడమ్‌కి భయపడి నువ్వు ఉల్లిపాయలు తరుక్కో, నేను తరగను. ఇన్నాళ్ళకి నాకంటూ ఒకటి రాసుకున్నాను. అందులో ఆ పిల్ల చావదు."

"చంపవే అంటే!"

"చంపను! అలా రాస్తే నీకేమవుతుందో తెలుసా? వాసు నిన్ను చూసి ఉమ్మేస్తాడు. మీ మేడమ్ నీ చేతి మంచినీళ్ళు కూడా తాగదు."

"తాగొద్దు. నన్నే చూసి తిట్టుకోనీ. నా మొహాన్నే చూడనీ. మళ్ళీ ఆ లంక వైపు మాత్రం చూడకూడదు."

"ఎందుకు చూడకూడదు? చూడాలి! వాళ్ళ కొడుకు చేసిన పనికి..."

"అదిగో, వాసు హారన్ కొడతన్నాడు. ఈసారి ఆడే. మేడమ్‌ని తీసుకురావడానికెల్లాలి. ఆఖర్న ఏం జరుగుద్దో కనుక్కుని రమ్మంది నన్ను. ఏం చెప్పను? చెప్పు, ఏం చెప్పనే?"

"బతికే ఉందని చెప్పు. వణకనీ ఒకసారి."

"వణుకుతారా ఆళ్ళు? ఎతుకుతారు! దొంగతనం చేసి పారిపోయిందని కేసు ఎడతారు. పాసుపోర్టు ఆళ్ళ కాడే ఉంది. ఫోటో ఆళ్ళ కాడే ఉంది."

"చచ్చిపోయినదాని మీద కేసేంటక్కా? ఏం మాట్లాడుతున్నావు నువ్వు?"

"ఏం లేదు. ఎల్తన్నాను. చెయ్యి వదులు."

"వదలను. సముద్రం మింగిన పిల్లని కాగితం మీదన్నా బతకనివ్వవేంటి? నీకసలు మనసుందా?"

"అరవకే, నీకు దణ్ణం ఎడతాను..."

"ముందు జవాబు చెప్పు!"

"చంపెయ్యవే పద్మజా. మొన్న సోనీ ఫోన్ చేసింది. దానికిప్పుడు ఏడో నెలంట."