అరవై రెండు మోళ్ళు

కొండ కింద కాపలా గదిలో మామ స్టవ్ మీద టీ పెట్టాడు. సర్వే ఆఫీసులో పనిచేసే అల్లుడు పటం మడిచి బల్లమీద పెట్టాడు.

"కొండని క్వారీకి ఇచ్చేశారు మామయ్యా. సోమవారం నుంచి తవ్వుతారు."

"అరుదైన సైకస్ చెట్లున్న కొండని ఎలా ఇస్తారు?"

"చెట్లెక్కడున్నాయి? నేనే లెక్కపెట్టాను. అరవై రెండు మోళ్ళు. అన్నీ చచ్చినవేనని రాశాను."

టీ పొంగబోతుంటే మామ మంట తగ్గించాడు.

"ఆకులు నేనే కొట్టేశాను బాబూ."

"మీరా?"

"ఆకుని చూసే కదా దొంగలు పోల్చుకునేది. వేళ్ళతో సహా పెకిలించి తోటలకి అమ్ముకుంటున్నారు. మోడైతే ఎవడూ ముట్టుకోడు. లోపల ప్రాణం అలాగే ఉంటుంది."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా."

"గోడలకి చెవులుంటాయని మీ అత్తయ్యకే చెప్పలేదు."

అల్లుడు మడిచిన పటాన్ని మళ్ళీ విప్పాడు.

"ఊరికే చెబితే పైవాళ్ళు నమ్మరు. ఒక్క మోడుకి చిగురు కనిపించినా ఫొటో తీసుకెళ్ళి పని ఆపిస్తాను. ఒక్కదానికీ రాలేదా?"

"మొన్న నాలుగు మోళ్ళకి వచ్చింది."

"పదండి, చూపించండి."

మామ టీ వడగట్టి రెండు గ్లాసుల్లో సమంగా పోశాడు.

"కోసేశాను," అన్నాడు.