లిఫ్టాయన మొదటి విమానం

"విమానం కొనడం గొప్ప కాదయ్యా, ఎవడైనా కొంటాడు. కొనేముందు ఆలోచించడం, అదీ అసలు పని," అంటూ లిఫ్టాయన బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు. ఆయన అలా సర్దుకున్నాడంటే ఇక టీ చల్లారిపోయినా లేవడని మా అందరికీ తెలుసు.

అందరం అంటే పెద్ద గుంపేం కాదు. ఆ ఎత్తైన ఆఫీసు బిల్డింగుకి ఎదురుగా టీ కొట్టు. కొట్టు నడిపేది లిఫ్టాయన తమ్ముడి భార్య. పక్కన కళ్లజోళ్ల షాపు నాది, దాన్ని ఆనుకుని టైలరు షాపు. లిఫ్టాయన ఆ బిల్డింగులో లిఫ్టు నడిపి నడిపి ఈమధ్యే రిటైరయ్యాడు. రిటైరైనా పొద్దునా సాయంత్రం ఇక్కడికే వస్తాడు. మేము టీ తాగుతాం, ఆయన కోస్తాడు.

ఆవేళ కథ అడిగి పెట్టించుకుంది మాత్రం టైలరు. కాలర్లూ కాజాలూ దగ్గరగా చూసి చూసి కళ్లు లాగేస్తున్నాయని నా దగ్గరికొస్తే, అద్దాలు మార్చి, సెలవు రోజున కాస్త దూరం చూస్తుండవయ్యా అన్నాను. నేనన్న పాపానికి ఊరి చివర మైదానానికి వెళ్లి దూరం చూశాడు. అక్కడెవరో రిమోట్‌తో చిన్న విమానాలు ఎగరేస్తున్నారు. అంతే, ఆరోజు నుంచీ మనిషి మనిషిలో లేడు. ఇంట్లో ఆవిడ ఎలాగో ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. "ఒక్కటి కొనుక్కో. దాన్ని విరగ్గొట్టుకొచ్చి ఇంకోటి అన్నావో, ఆ ఊసే మళ్లీ నా దగ్గర ఎత్తకు," అంది. షాపులో రెండు చూసి పెట్టుకున్నాడు. ఒకటి తెల్లది, లావుగా, నెమ్మదిగా పోయేది. రెండోది ఎర్రది, యుద్ధవిమానం పోలికలో, చూస్తేనే గుండె జల్లుమనేది. ఇంకాసేపట్లో వెళ్లి ఏదో ఒకటి తెచ్చుకోవాలి.

"ఏది తీసుకోమంటారు బాబాయ్?" అని, తనకో విమానం ఉందని ఎప్పుడూ చెప్పుకునే లిఫ్టాయనని అడిగాడు.

"ముందు విమానం సంగతి వదిలెయ్. రిమోట్ చూసుకో. విమానం ఇవాళ ఉంటుంది, రేపు చెట్టెక్కి కూర్చుంటుంది. రిమోట్ అలా కాదు, నీ కుట్టుమిషను లాంటిది. బట్టలు వస్తాయి పోతాయి, మిషను అదే కదా? అలాగన్నమాట. బ్యాటరీలు రెండు తీసుకో, ఒకటి అయిపోగానే ఇంటికి రావాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. చార్జింగు పెట్టి ఎటో పోకు, పక్కనే కూర్చో. ఇక రెక్క. రెక్క పైన ఉందనుకో, బాడీ దాని కింద ఊయల్లాగా వేలాడుతుంది. నువ్వు కంగారుపడి చేతులు వదిలేసినా తనంతట తనే సర్దుకుంటుంది. రెక్క కింద ఉన్నది మొండిఘటం, ఎటు వంచితే అటే, సర్దేది కూడా నువ్వే. ఫోముది తీసుకో, విరిగినా అంటించుకోవచ్చు."

ఆయన నోట ఇన్ని నికార్సైన ముక్కలు వరసగా రావడం నేనెప్పుడూ వినలేదు. టైలరు ముఖం తేటపడింది. "అంటే తెల్లదేనన్నమాట. మీ మొదటిదీ రెక్క పైనున్నదేనా?"

ఆయన అవునని తల ఊపబోయాడు, నేను చూశాను. ఈలోగా నేను ఊరుకోలేక, "తెల్లదా? పిల్లలాటలాగుంటుందేమో," అన్నాను. నోటిదురద.

ఆయన తల మధ్యలో ఆగిపోయింది.

"నేనా? తెల్లదా?" అన్నాడు. "ఏమయ్యా జోళ్లబ్బాయ్, నన్నెవరనుకున్నావ్? నా మొదటిది ఎర్రది. రెక్క కిందున్నది. షాపువాడు కాళ్లావేళ్లా పడ్డాడు, అయ్యా వద్దు, మొదటిసారి వద్దు అని. ఇవ్వవయ్యా చూద్దాం అన్నాను. మైదానానికి తీసుకెళ్లాను, నేర్పేవాడు లేడు, పక్కన మనిషి లేడు, రిమోట్ మీద బొటనవేళ్లు పెట్టాను, అంతే, పచ్చిక మీద కాస్త పరిగెత్తి లేచింది, మైదానం చుట్టూ ఒక చుట్టు చుట్టి నా కాళ్ల దగ్గరికొచ్చి దిగింది, పిల్లి వచ్చి కూర్చున్నట్టు."

"మొదటిరోజే?" టైలరు గ్లాసు కింద పెట్టేశాడు.

"మొదటిరోజే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండోసారి లేపాను, పైన ఒక గద్ద తిరుగుతోంది. ఇది దాన్ని చూసింది, అది దీన్ని చూసింది. కొట్లాడుకుంటాయనుకున్నాను. లేదు, గద్ద మర్యాదగా పక్కకి జరిగి వెనకాల చేరింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి, మొత్తం గద్దలన్నీ బారులు తీరాయి. మర్నాడు నేను మైదానానికి వెళ్లేసరికి ఒక తల్లిగద్ద పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి నిలబడింది. దేనికనుకున్నావ్? ఎగరడం నేర్పించడానికి!"

"బడి పెట్టేశారన్నమాట," అన్నాను.

"నవ్వు, నవ్వు. మబ్బు సంగతి వింటే నవ్వవు. ఒకరోజు ఎక్కువ లాగాను, మబ్బులోకి దూరిపోయింది. కనపడదు, వినపడదు. రేంజి దాటిందేమో, పోయిందిరా దేవుడా అనుకున్నాను. కాసేపటికి వచ్చింది కానీ, బరువుగా, ఈడ్చుకుంటూ వచ్చింది. ఏంటా అని చూస్తే తోకకి మబ్బు తగులుకుని ఉంది. రిమోట్‌తో ఇలా అటూ ఇటూ విదిలించాను. ఇంకేముంది, మన వీధి ఒక్కదాంట్లో వాన! పక్క వీధి పొడి. ఆవేళ మీ షాపు ముందు ఆరేసిన బట్టలు తడిసిపోలేదూ?"

టైలరు గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు. అదీ ఆ మనిషి. ఎదుటివాడు చెప్తున్నాడంటే నమ్మకపోవడం అమర్యాద అనుకుంటాడు.

"చక్కెర సరిపోయిందా బావగారూ?" అంది మరదలు, స్టవ్వు దగ్గర్నుంచి తల తిప్పకుండా. ఆమె ఆయన కథల మధ్య అంతకుమించి ఎప్పుడూ మాట్లాడదు.

"సరిపోయిందమ్మాయ్. ఇక పెద్ద విమానం సంగతి. నిజం విమానం, మనుషులు కూర్చునేది. నాది పైన తిరుగుతుంటే అది వెనకాలే వచ్చింది. దారి ఇవ్వను. ఎందుకివ్వాలి, నేను ముందొచ్చాను. పాపం, ఆ పైలట్ కిటికీ తీసి, చెయ్యి బయటపెట్టి, అన్నా కొంచెం జరుగుతావా అన్నట్టు సైగ చేశాడు. అడిగిన పద్ధతి నచ్చి జరిగాను. లోపలి జనమంతా చేతులూపారు."

"కిటికీ తీస్తారా బాబాయ్ వాళ్లు?"

"నాకోసం తీశాడు," అని ఆయన ఒక గుక్క తాగి, ఎదురుగా ఉన్న బిల్డింగు వైపు చూశాడు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు గొంతు తగ్గింది. "అసలు నేను విమానం ఎందుకు కొన్నానో ఎవరూ అడగరు. సర్వీసంతా పైకి వెళ్లడమేనయ్యా నా పని. రోజూ అంతెత్తు వెళ్లాను, ఏం చూశాను? ఎదురుగా తలుపు, తలుపు సందులో గోడ. పైకెళ్లినా గోడే, కిందకొచ్చినా గోడే. పై అంతస్తులో దిగినవాళ్లు నేరుగా కిటికీ దగ్గరికెళ్లి ఆకాశం చూసేవాళ్లు. నేను మళ్లీ కిందకి. ఆకాశం పక్కనే ఉండి చూడకుండా బతికినవాడి బాధ మీకు తెలీదు."

నాకు కొంచెం సిగ్గేసింది. ఆ లిఫ్టు నేనెన్నిసార్లు ఎక్కానో, ఆయన ముఖం వైపు ఎప్పుడైనా చూశానో లేదో.

కానీ అలాంటి మాటల మీద లిఫ్టాయన ఎక్కువసేపు నిలవడు. "ఆ లిఫ్టే ఒకరోజు నేను టీకి దిగినప్పుడు ఇరుక్కుంది," అన్నాడు, గొంతు మళ్లీ పెంచి. "రెండు అంతస్తుల మధ్య. మోటారు కాలిపోయింది. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు, వాళ్లలో మేనేజరు ఒక్కడే ఇద్దరి బరువు. లోపల అరుపులు, బయట అరుపులు. నేను మేడ మీదకి పరిగెత్తాను, ఎర్రది నా దగ్గరే ఉంది, లిఫ్టు తాడు కొస దాని తోకకి ముడేశాను, రిమోట్ పట్టుకుని పూర్తిగా పైకి నెట్టాను. ఒక్క గుంజు! లిఫ్టు సర్రుమని పైకొచ్చింది. వచ్చింది కానీ ఆగదే! తాడు బిగుసుకుపోయింది, విమానం లాగుతూనే ఉంది, లిఫ్టుతో పాటు బిల్డింగు కూడా పునాదుల్లోంచి కదిలింది. ఒట్టు! నేను టక్కున తగ్గించాను కాబట్టి సరిపోయింది, లేకపోతే మీరిప్పుడు ఎదురుగా ఖాళీ జాగా చూస్తుండేవాళ్లు. దించేటప్పుడు మాత్రం సరిగ్గా కూర్చోలేదు. అందుకే చూడండి, ఆ గుమ్మం ముందు మొదటి మెట్టు ఇప్పటికీ మిగతావాటికంటే కాస్త ఎత్తు. రోజూ ఎవడో ఒకడు తట్టుకుంటాడు."

మెట్టు ఎత్తన్న మాట మటుకు నిజం. నేనూ తట్టుకున్నాను. నవ్వాపుకోలేకపోతున్నాను కానీ, పక్కన టైలరు లేచి నిలబడ్డాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"నిర్ణయం అయిపోయింది బాబాయ్. ఎర్రదే."

లిఫ్టాయన గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. "అంటే... తెల్లది కూడా మంచిదేనయ్యా. అందరికీ ఎర్రది..."

"బిల్డింగు ఎత్తడం నా వల్ల కాదులెండి. మైదానం చుట్టూ ఒక చుట్టు చాలు నాకు. మీకు మొదటిరోజే వచ్చినప్పుడు, నిదానంగా చేస్తే నాకు పదో రోజుకైనా రాదా?" అంటూ చెప్పులేసుకున్నాడు. లిఫ్టాయన ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట ఆయనకి రావడం లేదు.

"ఆగు అన్నయ్యా," అంది మరదలు. స్టవ్వు తగ్గించి, చేతులు తుడుచుకుంటూ ఇవతలికొచ్చింది. "బావగారూ, మీ గదిలో బీరువా మీద దుమ్ము దులిపేది నేను. మీ విమానం అట్టపెట్టెకి షాపువాడు వేసిన టేపు వేసినట్టే ఉంది. మాటలు కోటలు దాటాయి గానీ, ఆ పెట్టె ఇంతవరకూ గడప దాటలేదు."

నేను ఫక్కుమన్నాను. ఆయన ముఖం చూసి ఆపేశాను.

"ఇన్నాళ్లూ నేనేమైనా అన్నానా?" అంది ఆమె మెత్తగా. "లిఫ్టు లేపండి, ఊరు లేపండి, వినడానికి నాకూ బాగానే ఉంటుంది. కానీ ఈయనకి కొనుక్కునే వీలు ఒక్కసారే ఉంది. మీ మాట పట్టుకుని వెళ్తున్నాడు."

లిఫ్టాయన తన బొటనవేళ్ల వైపు చూసుకున్నాడు. జీవితమంతా బటన్లు నొక్కిన వేళ్లు.

"పెట్టెలో ఉన్నంతకాలం అది ఎగురుతూనే ఉంటుందమ్మాయ్," అన్నాడు. "విప్పితేనే కింద పడేది."

టైలరు మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. "ఏ రంగు బాబాయ్ మీది?" అన్నాడు.

"తెల్లదే."

"రెక్క?"

"పైనే. అన్నీ అడిగి, ఆలోచించే కొన్నాను. నీకు మొదట చెప్పినవన్నీ ఆ షాపువాడు నాకు చెప్పినవే."

టైలరు జేబులోంచి చిన్న కత్తెర తీసి చూపించాడు. "టేపు నేను కోస్తాను. పదండి. ముందు మీది ఎగరేద్దాం, ఆ తర్వాతే నాది కొంటాను. తెల్లదే."

"ఇవాళ గాలి ఎక్కువేమో," అన్నాడు లిఫ్టాయన. కొట్టు ముందు వేలాడే పరదా వైపు అందరం చూశాం. అది కదలడం లేదు.

"మరి విరిగితే?" అన్నాడు. ఇంతటి మనిషి, అంత చిన్న గొంతుతో మాట్లాడడం నేను అదే మొదటిసారి వినడం.

మరదలు ఆయన చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది. "విరిగితే రేపొచ్చి ఎలా విరిగిందో చెప్పండి బావగారూ. అది నేను నమ్ముతాను."