ఏటి అవతల నుంచి కనబడుతుందా?

జపాను కొండల్లో నాలుగే నాలుగు కుటుంబాలు మిగిలిన ఒక ఊరు. ఆదివారం పొద్దున ఊరి సమావేశం గదిలో టోక్యో నుంచి వచ్చిన ఆర్కిటెక్టు చిహారు, ఊరిపెద్ద కురమోచి. ఊళ్ళో ఒక కంపెనీ ఆఫీసు కట్టే కాగితాల మీద ముద్ర వేయడానికి వచ్చిన పెద్దాయన గంట నుంచి ముల్లంగి ముక్కలు వడ్డిస్తున్నాడు.

"ఇంకో ముక్క తీసుకోండమ్మా. నేనే ఊరేశాను. ఉప్పెక్కువైందా?"

"బాగుందండీ కురమోచి గారూ. ఇప్పటికి ఏడు ముక్కలు తిన్నాను. ముద్ర తెచ్చారా?"

"తెచ్చాను, తెచ్చాను. తేకుండా ఎలా వస్తాను? సిరా డబ్బానే మర్చిపోయాను."

"నా దగ్గరుంది. ఇదిగో."

"ఎర్రదేనా?"

"ఎర్రదే."

"మంచిది. మా ఆవిడైతే చిటికెడు పంచదార కూడా వేసేది."

"సిరాలోనా?"

"ముల్లంగిలోనమ్మా."

"కురమోచి గారూ, నేను మూడింటి బస్సుకి వెళ్ళిపోవాలి. ఇవాళే ఆఖరి రోజు. మీ ముద్ర లేకుండా వెళ్తే కంపెనీ వాళ్ళు పక్క లోయలో స్థలం తీసుకుంటారు. నా పద్నాలుగు నెలల కష్టం బూడిదలో పోసినట్టే. పోనివ్వండి నా కష్టం, ఇక్కడ ఆఫీసు కట్టమని పిలిచింది మీ ఊరివాళ్ళే కదా?"

"మేమే. నాలుగిళ్ళవాళ్ళం కూర్చుని ఒక్క మాట మీద అనుకున్నాం. ఇప్పటికీ అదే మాట."

"మరి?"

"అబ్బే, ఏం లేదు. బొమ్మ ఇంకోసారి చూపిస్తారా?"

"పొద్దుట్నుంచి మూడుసార్లు చూపించాను."

"కళ్ళు సరిగ్గా ఆనడం లేదమ్మా."

"సరే. ఇదిగో, ఇది పై మడి గట్టు. ఇది ఆఫీసు. గోడలు అక్కడ తవ్విన మట్టితోనే. దూలాలకి మీ కొండమీది దేవదారు. పై కాలవ నీళ్ళు కింది మడికి ఒక్క చుక్క తగ్గకుండా వెళ్తాయి. కప్పు మీద గడ్డి. ఎంత మంచు పడినా..."

"గడ్డా?"

"గడ్డే. చుట్టూ ఉన్న గట్టుకీ దానికీ తేడా తెలీదు."

"అంటే... ఏటి అవతల నుంచి కనబడుతుందా?"

"కనబడదు! ఒట్టు! ఈసారి అస్సలు కనబడదు!"

"అలాగా."

"అలాగా అంటే?"

"బాగుంది అని."

"ప్రతిసారీ బాగుందనే అన్నారు! బాగుందని, ముద్ర జేబులో వేసుకుని వెళ్ళిపోయారు!"

"కోప్పడకండమ్మా. టీ పొయ్యనా?"

"వద్దు! ... క్షమించండి, నోరు జారింది. కానీ మీరే చెప్పండి. మొదటిసారి రెండంతస్తులు గీశాను. ఏటివైపు పొడుగునా అద్దాలు పెట్టాను. మీరేమన్నారు?"

"బాగుందన్నాను."

"ఆ తర్వాత?"

"ఏటి అవతల నుంచి కనబడుతుందా అని అడిగాను. ఊరికే."

"ఊరికే! నేను నడుం వంచి క్షమాపణ చెప్పి, పై అంతస్తు పీకేశాను. రెండోసారీ అదే ప్రశ్న. వెదురు పొదల వెనక్కి జరిపాను. మూడోసారీ అదే. సగం గట్టులోకి దింపాను. ఇప్పుడు ఏకంగా పూడ్చిపెట్టాను! ఇంకేం చెయ్యమంటారు? అందులో కూర్చుని పనిచేసేవాళ్ళు మనుషులండీ, పందికొక్కులు కాదు!"

"నేనూ మా పక్కింటి శిగెనోతో అదే అన్నాను. పాపం, వాళ్ళకి గాలి ఎలా ఆడుతుంది అని."

"శిగెనో గారితో అన్నారా! నాతో ఎందుకనలేదు?"

"అంత కష్టపడి గీసుకొచ్చారు కదా. ఎలా అంటాం?"

"అనాలి! అనాలండీ!"

"అదీగాక, మొదటిసారి నేను అలా అడిగానో లేదో, మీరు నడుం వంచేశారు. వారం తిరక్కుండా మార్చుకొచ్చేశారు. నేనడిగింది అది కాదమ్మా అంటే మీరు నొచ్చుకుంటారని..."

"ఆగండి. అడిగింది అది కాదా?"

"టీ చల్లారిపోయిందమ్మా."

"టీ సంగతి వదిలెయ్యండి! కనబడుతుందా అంటే... కనబడకూడదనే కదా?"

"నేనలా అనలేదే."

"అలా అడిగితే అర్థం అదే కదండీ! మా వీధిలో ఎవరైనా 'మీ కుక్క భలే హుషారుగా ఉందే' అంటే, దాని గోల ఎక్కువైందని అర్థం చేసుకుని ఆ పూటే లోపల కట్టేస్తాం!"

"అది నిజమే. మేమైనా కట్టేస్తాం."

"మరి?"

"మరి... ఇది మటుకు నిజంగానే అడిగాను."

"అంటే కనబడాలా?"

"బలవంతం ఏం లేదు."

"కనబడాలా, వద్దా? ఒక్క మాట చెప్పండి, మీకు దణ్ణం పెడతాను!"

"కనబడితే బాగుండు."

"అయ్యో రాత! ఎవరికండీ? ఏటి అవతల ఏముందని? ఒక పెట్రోలు బంకూ, ముసలివాళ్ళని చూసుకునే ఆశ్రమమూ. పెట్రోలు బంకు వాడికి కనబడాలా?"

"ఆశ్రమంలో రెండో అంతస్తు. చివరి కిటికీ."

"ఎవరున్నారక్కడ?"

"మా ఆవిడ."

"పోయారేమో అనుకున్నాను. మీరెప్పుడూ 'వేసేది, చేసేది' అంటుంటే..."

"తుంటి విరిగి రెండేళ్ళయింది. మంచం దిగలేదు. బుర్ర మాత్రం నాకంటే చురుకు. చీకటి పడగానే ఇటు తిరిగి మా కొండమీద దీపాలు లెక్కపెడుతుంది. ఏ దీపం ఎవరిదో అంత దూరం నుంచి తెలీదు, లెక్కే. కాపరానికొచ్చిన కొత్తలో పదకొండట. ఇప్పుడు నాలుగు. నాలుగూ ఉన్నాయండీ అని నాకు ఫోన్ చేసి చెప్పి, అప్పుడు నిద్రపోతుంది."

"ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే మరో నాలుగు బొమ్మలు గీసే బాధ తప్పేది కదా!"

"ఊరి పనిలోకి నా ఇంటి గోల ఎలా తెస్తానమ్మా? పెద్దమనిషినని అందరూ నన్ను కూర్చోబెట్టారు."

"మీ పెద్దరికం నా ప్రాణానికొచ్చింది! ఉండండి, మొదటి బొమ్మ సంచీలోనే ఉంది. కంపెనీ వాళ్ళకీ ఇదే నచ్చింది, ఊరివాళ్ళకి ఇష్టం లేదని నేనే ఒప్పించి మాన్పించాను. చూశారా, ఏటివైపు అద్దాలు. వరి ఈనే రోజుల్లో మాత్రం రాత్రిళ్ళు మడి మీద వెలుతురు పడకూడదు, పడితే ఈనడం ఆలస్యమవుతుంది. అప్పుడు తెరలు దించి, ఒక్క చిన్న దీపం ఉంచుతాం."

"కింది మడి నాదే. దాని సంగతి నేను చూసుకుంటాను. చిన్నది చాలు."

"అయితే దీనిమీద వెయ్యండి ముద్ర. ఒక్కటి అడగనా? ఆవిడకి నాలుగు దీపాలు కనబడుతూనే ఉన్నాయి కదా. అయిదోది ఎందుకండీ ఇంతగా?"

"మీరు మొదటి బొమ్మ తెచ్చే ముందు వారం, ఒక రాత్రి నేను ఫోన్ తియ్యలేదు. శిగెనోకి చేసింది. ఇవాళ మూడే ఉన్నాయి, ఎవరు పోయారు, నాతో దాచకండి అని ఒకటే ఏడుపట."

"అయ్యయ్యో. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదమ్మా. ఒళ్ళు బాగోక, లైటు కూడా వెయ్యకుండా పడుకున్నాను. ఆ నాలుగోది నాదే. రేపు నిజంగానే అది వెలగకపోయినా, ఆవిడ లెక్కకి నాలుగు ఉండాలి కదా."