దాహం దాచుకున్న సుమిత్ర గారికి

1994 జూలై నాలుగవ తేదీన, మన రాష్ట్రం ఇంకా విడిగా ఏర్పడని రోజులలో, శ్రీమతి సుమిత్ర గారు చింతలనార్ వైపు ఉపకేంద్రంలో ఆరోగ్య కార్యకర్తగా చేరారు. భుజాన టీకాల పెట్టె, ఎదుట అడవి దారి తప్ప వారికి అప్పుడు వేరే ఆధారం లేదు.

వాంతులు, విరేచనాలతో పసిబిడ్డలు రాలిపోతున్న ఆ కాలంలో వారు గడపగడపకూ వెళ్లి నీరు కాచి తాగడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం, దోమతెరలో పడుకోవడం నేర్పారు. తెలుగు, హిందీ, దోర్లీ, గోండీ, ఏ భాషలోనైనా వారు చెప్పినవి ఆ మాటలే. సూపర్‌వైజరుగా పదోన్నతి పొందిన తరువాత కూడా ఊళ్లు తిరగడం మానలేదు.

ఒక వేసవిలో నేను వారి వెంట వెళ్లాను. సోమ్లీ అనే రైతు మహిళ మా కోసమే కాచి చల్లార్చిన నీటిని సొరబుర్రతో అందించగా, సుమిత్ర గారు పెదవులు తడుపుకుని తిరిగి ఇచ్చేశారు. సోమ్లీ ముఖం చిన్నబోయింది.

“కాచి తాగుమని నువ్వే చెప్తివి. కాచినయే గదా! మా ఇంటి నీళ్లు నీకు పనికిరావా ఏంది?”

“అట్ల కాదక్కా. తాగితే మల్ల యాడికి పోవాలె? దారి పొడుగునా మొగోళ్లుంటరు. ఇంటికి పోయినంకనే తాగుత.”

మేము మళ్లీ వెళ్లేసరికి సోమ్లీ తన పెరట్లో వెదురు తడకలతో చాటు కట్టించి ఉంచింది. మా కార్యాలయానికి ఇన్నేళ్లలో తట్టని పని అది.

కానీ చాటు దొరికింది ఆ ఒక్క ఊరిలోనే. మిగిలిన ఊళ్లలో వారు దాహం అణచుకునే తిరిగారు. నిరుడు జగదల్‌పూర్ వైద్యులు మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నాయని, ఏళ్ల తరబడి నీళ్లు తాగకపోవడమూ అందుకు ఒక కారణమని చెప్పారు. ఇకనైనా తీరికగా తాగుదామంటే, కొలిచి తాగమన్నారు. ఊరందరి ప్రాణాలూ కాచిన మనిషికి ఈ శిక్ష ఏమిటని నాకు దుఃఖమూ కోపమూ ఒకేసారి వస్తున్నాయి.

పదవీ విరమణకు సన్మానం మాట ఎత్తితే వారు ఒకటే అన్నారు: “నాకు శాలువా ఎందుకు? ఊరూరా తడకలు కట్టియ్యున్రి. కొత్తగ పనికి వచ్చిన ఈ పిల్లలన్న నీళ్లు తాగనీ.”

కట్టించాం, సుమిత్ర గారూ. ఊళ్లు తిరిగే మన ఆడపిల్లలు ఇప్పుడు నిండు నీళ్ల సీసాలతో బయలుదేరి, సాయంత్రానికి ఖాళీ సీసాలతో తిరిగి వస్తున్నారు. మీరు మాకు నేర్పిన చివరి అలవాటు ఇది. మీ వల్ల మాకు పెరిగిన ఆయుష్షులో కొంతైనా మీకు దక్కాలని, ఆ ఖాళీ సీసాలను చూస్తూ మీరు చిరకాలం మా మధ్య ఉండాలని వేడుకుంటున్నాం.

— దుర్గాభవాని, సహోద్యోగిని