ఎలుకల తీగ మీద ఆరని బల్బు

నా పేరు ఎందాంగ్ పుర్వంతి. వయసు నలభై ఒకటి. సుంబర్‌వాతు వృత్తి పాఠశాలలో విద్యుత్ విభాగం టీచరుని. ఈ కేసులో మీరు అనుమానిస్తున్న సర్మిది మా నాన్నకు తమ్ముడు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. ఈ సంగతి మొదటే రాసుకోండి సార్. రేపు ఇంకెవరో వచ్చి చెప్పడం కన్నా నయం.

వరి పొట్ట మీద ఉండగా పొలాల్లో ఎలుకలు పడ్డాయి. ఊళ్లో అందరిలాగే బాబాయి కూడా గట్టు వెంట జానెడు ఎత్తున ఇనుప తీగ లాగి కరెంటు ఇచ్చాడు. కరెంటుకూ తీగకూ మధ్య ఇరవై అయిదు వాట్ల బల్బు ఒకటి పెట్టి, వెదురు గడకు ఎత్తి కట్టాడు. ఎలుక తీగకు తగిలితే ఆ బల్బు వెలుగుతుంది. నేను వద్దన్నాను, తిట్టాను కూడా. "మధ్యలో బల్బుందిగా అమ్మాయ్, కరెంటంతా అదే తినేస్తుంది, మనిషికేం మిగలదు" అన్నాడు. ఊళ్లో సగం మంది ఇదే మాట అంటారు. బల్బు తినదు సార్. ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటి ఉన్నప్పుడు బల్బులో ఎంత కరెంటు పోతుందో మనిషిలోనూ అంతే పోతుంది. ఏటా క్లాసులో గొంతు చించుకుని చెబుతాను, మా ఇంట్లోవాళ్ల చెవికే ఎక్కలేదు.

కిందటి మంగళవారం సాయంత్రం నేనూ బాబాయీ రోడ్డు పక్కన గినెం అక్క కాఫీ కొట్లో కూర్చున్నాం. ఇంకా వెలుతురు ఉంది, మబ్బు పట్టింది. ఎలుకలు తొందరగా దిగుతున్నాయని ఆ రోజు మామూలు కన్నా ముందే స్విచ్చి వేశానని బాబాయే చెప్పాడు. అంతలో గడ మీద బల్బు వెలిగింది. ఆయన తొడ చరుచుకుని "దెన్ బగుస్ పడ్డాడు!" అని అరిచాడు. "నిన్న మింగిన వరి ఇంకా అరిగుండదు పాపం" అంది గినెం అక్క. నేనూ నవ్వాను.

ఇక్కడ ఒకటి దిద్దాలి. గినెం అక్క వాంగ్మూలంలో "దెన్ బగుస్ అను వ్యక్తి పడినాడని నిందితుడు సంతోషముతో అరిచెను" అని ఉంది. మీరు సముద్రం అవతల మెదాన్ నుంచి బదిలీ మీద వచ్చి నెల కూడా కాలేదు, మీకు తెలియకపోవడం తప్పు కాదు. కానీ అది కొట్టేయండి. ఆ పేరుగల మనిషి ఎవరూ లేడు. మా జావా రైతులు పొలంలో నిలబడి ఎలుకను ఎలుక అనరు. పేరెత్తితే విని పగబడుతుందని భయం. అందుకే దెన్ బగుస్ అంటారు, అంటే అందాల దొరగారు అని. బాబాయి ఎలుక పడిందనుకున్నాడు. మనిషి పడ్డాడని తెలిస్తే ఆయన అలా అరిచేవాడు కాదు.

ఎలుక తగిలితే బల్బు ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోతుంది. ఆ రోజు ఆరలేదు. "ఈ దొరగారు బాగా బలిసినట్టున్నాడే" అన్నాడు బాబాయి. గ్లాసులో కాఫీ మడ్డి అడుక్కి దిగేదాకా ఆగి, మెల్లగా తాగే మనిషి ఆయన. అలాగే తాగాడు. బల్బు ఆరలేదు. "బాబాయ్, బల్బు ఆరలేదు" అన్నాను. వినిపించుకోలేదు. మళ్లీ అన్నాను. అప్పుడు లేచాడు. నేనూ వెనకే వెళ్లాను.

పక్క చేను కూలీ జుమారి నీళ్లు కట్టడానికి వచ్చి గట్టు మీద బోర్లా పడి ఉన్నాడు. మోకాళ్ల వరకు బురద. కుడి చెయ్యి తీగ మీద ఉంది. బాబాయి స్విచ్చి ఆపి, "ఒరేయ్ జుమారీ, లేరా, నీకు దండం పెడతాను లేరా" అని ఏడుస్తూ తనే భుజాన వేసుకుని రోడ్డు దాకా మోశాడు. ఆయన తీగలు చుట్టేసేలోపు ఊరి పెద్దలు ఒక మాట అనుకున్నారు. ఉన్నట్టుండి గుండె ఆగి పోయినవాడిని మా వైపు "గాలి కూర్చుంది" అంటారు. జుమారికి గాలి కూర్చుందన్నారు.

మర్నాడు అతని భార్య తుమిరా మా గడపలో కూలబడింది. "టీచరమ్మా, గాలి కూర్చుందంటున్నారు. కూర్చుంటే అరచేతిలో కూర్చుంటుందా?" అంది. స్నానం చేయించేటప్పుడు చూసిందట, అరచేతికి అడ్డంగా తీగ మందాన నల్లటి గీత.

ఇక మీరడిగిన లెక్క. నిన్న మీ ఎదుటే మీటరు పెట్టి చూశాం, రెండు వందల ఇరవై వోల్టులు. వోల్టుల వర్గాన్ని బల్బు వాట్లతో భాగిస్తే బల్బు నిరోధం పందొమ్మిది వందల ముప్ఫై ఆరు ఓములు. తడి చేత్తో బురదలో నిలబడ్డ మనిషికి వెయ్యి వేసుకోండి. రెండూ కూడి, వోల్టులను దాంతో భాగిస్తే ఆంపియరులో వెయ్యికి డెబ్బై అయిదు వంతులు. అలాంటి వంతులు ముప్ఫై దాటితే చాలు, గుండెకు ముప్పు. పైగా వెలగకముందు చల్లటి బల్బు నిరోధం ఇందులో పదో వంతే, కాబట్టి తగిలిన క్షణంలో ఇంకా ఎక్కువే పోయి ఉంటుంది. కరెంటు వర్గాన్ని ఆ వెయ్యితో గుణిస్తే జుమారి ఒంట్లో ఖర్చయిన పవరు వస్తుంది. అయిదున్నర వాట్లు. కోడిపిల్లల పెట్టెలో వెచ్చదనానికి పెట్టే బల్బంత. అంతే సార్, అంతదానికే పోయాడు.

మీరు "వోల్టులు ప్రవహించెను" అని రాశారు. వోల్టులు ప్రవహించవు, కరెంటు ప్రవహిస్తుంది. అదీ దిద్దండి. నా సంతకం పైన తప్పు ఉండకూడదు.

బాబాయి తన మోటారుసైకిలు మీదే నన్ను ఇక్కడికి తీసుకొచ్చాడు. బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. "బల్బుందని చెప్పు అమ్మాయ్, నువ్వు చెబితే నమ్ముతారు" అని దారి పొడుగునా అన్నాడు. చెప్పాను. బల్బు ఉంది. జుమారి పోయింది గాలి కూర్చుని కాదు, మా బాబాయి తీగలోని కరెంటు వల్ల.

ఇది నేను కళ్లారా చూసింది, చెవులారా విన్నది, చేతులారా లెక్క కట్టింది. ఎవరి బలవంతమూ లేదు. చదివి వినిపించగా విని, రెండు చోట్ల దిద్దించి ఒప్పుకున్నాను.

(సంతకం) ఎందాంగ్ పుర్వంతి

సంతకం అయ్యాక సాక్షి కోరికపై చేర్చినది: బాబాయికి ఇది మీరు చెప్పకండి. ముందు నన్ను బయటికి వెళ్లనివ్వండి. నేనే చెబుతాను.