హోరు లేని గది

మూతబడ్డ బట్టల మిల్లును అపార్ట్‌మెంట్లుగా మార్చాక పాత బజారుకు మళ్ళీ కళొచ్చింది. ఒకప్పుడు ఆ మిల్లులోనే పనిచేసిన అత్తగారు ఇక్కడ ఉండనని మొండికేసినా, కోడలు ఫ్లాటు చూడ్డానికి లాక్కొచ్చింది.

"అత్తయ్యా, మెల్లగా. పక్కవాళ్ళు వింటారు."

"ఈ గదిలో, మరమగ్గాల హోరులో, మెల్లగా మాట్లాడితే ఎవరికి వినబడేదే?"

"ఇప్పుడా హోరు లేదుగా."

"నా నోటికి తెలియాలిగా. నీ మొగుడు కడుపులో పడ్డాడని మీ మామయ్యకి ఇక్కడే అరిచి చెప్పాను. ఆయనకి తప్ప అందరికీ వినబడింది."

కోడలు పడీపడీ నవ్వింది. నవ్వాగాక దగ్గరికొచ్చింది.

"అయితే నా కబురూ ఇక్కడే చెప్పాలి. మీ అబ్బాయికి కూడా ఇంకా తెలీదు. నాకు రెండో నెల, అత్తయ్యా."

అత్తగారు గదంతా కలయజూసింది. ఆ గదిలో మొట్టమొదటిసారి గొంతు తగ్గించింది.

"ఉయ్యాల ఆ కిటికీ పక్కన వేద్దామా?"