అగస్టా అత్త దించని బాంబులు

హలో… ఆ, నేనే, హ్రుస్కాని. విమానం పక్కనుంచే మాట్లాడుతున్నా థెల్మా, కొంచెం గట్టిగా చెప్పు…

ఆ, వచ్చేసింది. ఇప్పుడే ఇంజన్లు ఆపారు. మా విమానం అగస్టా అత్తకి తోకలో మూడు చిల్లులు, అంతే. మా పొలంలో దిష్టిబొమ్మకి ఇంతకన్నా ఎక్కువుంటాయి… పదిమందీ క్షేమం.

ఏమిటి?… అవును, బాంబులు కడుపులోనే ఉన్నాయి. దిగేటప్పుడే చూశా, ఏడోనెల గర్భిణిలా దిగింది… ఎందుకు వదల్లేదో నాకేం తెలుసు? నేను నేలమీది మెకానిక్‌ని.

…బాంబులు వదిలే యంత్రం ఇరుక్కుందా అనా?

చూడు థెల్మా. ఆ మాట మీ ఆఫీసులో అధికారి అన్నాడా, నువ్వే అన్నావా?… ఓహో, కాగితం అడుగుతోందా. అయితే కాగితానికి చెప్పు. ఈ విమానం నలభై తొమ్మిదిసార్లు జర్మన్ల మీదికి వెళ్ళింది. నా వల్ల, ఒక్క నట్టు వల్ల, ఒక్కసారి కూడా పని చెడిపోలేదు. ఇవాళ్టిది యాభయ్యోది. రేపు కల్నల్ నా చొక్కాకి పతకం గుచ్చాలి… నవ్వకు. మా అమ్మకి ఉత్తరం కూడా రాసేశా. ఈపాటికి సముద్రం సగం దాటుంటుంది.

యంత్రం భేష్. రాసుకో… భేష్ అని రాయకూడదా? సరే, లోపం లేదని రాయి.

…ఏమిటీ?

ఆగు. పెన్సిలు కింద పెట్టు.

యంత్రంలో లోపం లేకపోతే లెఫ్టినెంట్ పెరిన్‌ని ఎందుకు పిలుస్తారు?… బాంబులు వదిలేది ఆయనే, నిజమే… ముందు విమానం వదలగానే వెనకవాళ్ళంతా వదలాలి, తెలుసు… మన దళంలో ముప్పై అయిదు వదిలాయి, ఇదొక్కటే… ఆజ్ఞ మీరినట్టా? విచారణా?

ఉండు. రెక్క కింద కూర్చుని ఉన్నాడు. కనుక్కుంటా. ఫోను పెట్టెయ్యకు…

…

హలో. ఉన్నావా?… నీకెలా వినపడుతుంది, ఆయన రెక్క కిందాయె. నేను చెప్తా విను.

అక్కడ ఫ్రాన్సులో ఒక రోడ్డుందట. అవతల జర్మన్ సైన్యం, ఇవతల మనవాళ్ళు. ముందు దళాలు వేసిన బాంబుల దుమ్ము గాలికి మనవాళ్ళ వైపే జరుగుతూ వచ్చిందట… ఆ, రోడ్డే కనపడలేదు. ముందు విమానం వదిలేసింది. ఈయన చెయ్యి బాంబులు వదిలే మీట మీదే ఉంది. అప్పుడు దుమ్ము చీలి, కింద పసుప్పచ్చ గుడ్డ కనిపించిందట… అదే, మనవాళ్ళు ఇక్కడున్నామని నేలమీద పరిచేది. చెయ్యి తీసేశాడు.

లేదు, ఇంకెవరూ చూడలేదు. అది ఎండుగడ్డేమో సార్జెంట్ అని తిరిగి నన్నే అడుగుతున్నాడు. ఇక్కడ ఇంగ్లండులో నిలబడి నేనేం చెప్పను?

కిందున్న సైన్యం నుంచి కబురేమైనా వచ్చిందా?… ఇంకా లేదా… వాళ్ళు చెప్పేదాకా ఎవరికీ తెలియదు. ఈలోగా ఈయన్ని విచారణకి నిలబెట్టేస్తారు.

…

థెల్మా, ఇందాక నేను వాగినదంతా కొట్టెయ్యి. ఇలా రాయి. మీట ఇరుక్కుంది… అవును, ఇరుక్కుందనే. ముందుగా చూసుకోలేదు, పొరపాటు మెకానిక్‌ది. పేరు నీకు తెలుసుగా.

…పతకం సంగతి నాకు గుర్తుచెయ్యకు. అమ్మకి ఇంకో ఉత్తరం రాస్తా. యుద్ధంలో ఉత్తరాలు పోతూనే ఉంటాయి, మొదటిది పోతే బావుండు.

…ఒప్పుకోనంటున్నాడు. పాస్టరు కొడుకు కదా, అబద్ధం గిట్టదు. నోరు మూసుకొమ్మన్నా. సార్జెంటు లెఫ్టినెంటుతో అనకూడని మాటే, ఇవాళ్టికి అనేశా.

ఏమిటి?… తనిఖీవాళ్ళా? మీట చూడ్డానికే? ఎంతసేపట్లో?… ఇరవై నిమిషాలా.

…చిక్కేంటంటే, అది వెన్నలా కదులుతోంది. నిన్ననే విప్పి తుడిచి నూనె పెట్టా.

నవ్వు, నవ్వు. నాకూ వస్తోంది. ఏడాదిగా దీన్ని పాడవకుండా చూడ్డమే నా పని. పాడుచెయ్యడం ఎలాగో ఎవడూ నేర్పలేదు.

ఉంటానమ్మా. ముందు బాంబులు దింపించాలి… లెఫ్టినెంట్ గారూ, ఆ సుత్తి ఇలా ఇవ్వండి. అది కాదండీ, పెద్దది—